పదిహేడు పక్క వంటలు

గౌలిపుర,
భాద్రపద బహుళ దశమి

మలక్‌పేటలో కాపురముంటున్న సౌభాగ్యవతి రాజమణికి,

గౌలిపుర నుంచి నీ తోడికోడలు ఆండాలు అక్షింతలు వేసిందనుకుని ఈ ఉత్తరం చదువుకోవలసింది. ఇక్కడ మనుషులమూ బర్రెలమూ అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ, మా మరిది అంజనూ, ఆయన గడ్డి వేసే రేసు గుర్రాలూ బాగున్నారని తలుస్తాను.

నేను నీకు రాయించడమేమిటని బెదిరిపోకు. మూడేండ్ల కింద దసరా నాడు మైసమ్మ గుడి ముందు నిలబడి, ఇక ఒకరితో ఒకరం మాట్లాడమని మనిద్దరం ఒట్టు పెట్టుకున్న మాట నిజమే. ఆ ఒట్టు నేను తప్పడం లేదు. మా ముందర గదిలో కిరాయికి ఉండే బాబురావు నీకు తెలుసు కదా, కచేరీ మెట్ల మీద కూర్చుని అర్జీలు రాస్తాడు. "మాట్లాడనని ఒట్టు వెట్టుకున్నవ్ గని రాయనని వెట్టుకోలే గద ఆండాలమ్మా, కానూన్ల నీదే గెలుపు" అన్నాడు. అందుకని నేను చెబుతున్నాను, అతను రాస్తున్నాడు.

సంగతి అత్తమ్మది. ఆ దసరా నాడు పెద్ద గంజు గిన్నెలో వండిన యాటమాంసం కూర నోట్లో పెట్టలేనంత ఉప్పగా అయింది. నువ్వు వేశావని నేను, నేను వేశానని నువ్వు, ఇల్లు ఎగిరిపోయేంత లొల్లి చేసుకున్నాం. అన్నదమ్ములు వేరుపడ్డారు. ఆ రోజు మొదలు ఏ పండుగకూ అత్తమ్మ పండుగ అన్నం ముట్టదు. గిన్నెలో ఇంత పెరుగన్నం కలుపుకుని, అందులో ఉప్పు కూడా వేసుకోకుండా, గోడ వైపు తిరిగి తిని లేస్తుంది. ఎందుకని అడిగితే పలకదు. పోయిన నెలలో ఒకనాడు మాత్రం నోరు తెరిచింది. "నా ఇద్దరు కొడుకులు ఒక్క వరుసల కూసుంటె గప్పుడు పండుగ బువ్వ తింట. లేకుంటె నాకు పెరుగన్నమే" అన్నది. డెబ్బై దాటిన మనిషి. నాకు భయంగా ఉంది రాజమణీ.

ఈ మాట చెప్పి రమ్మని మీ బావను మూడుసార్లు మీ ఇంటికి పంపాను. మూడుసార్లూ బర్రె చన్నుకు లేచిన పుండు గురించి, గుర్రానికి పట్టిన దగ్గు గురించి తమ్ముడితో మాట్లాడుకుని తిరిగి వచ్చాడు.

కాబట్టి ఈ దసరాకు మీరిద్దరూ ఇక్కడికే భోజనానికి రావాలి. నువ్వేమీ శ్రమపడనక్కర లేదు. ఒక్క గదిలో, ఒక్క పొయ్యి మీద నువ్వు మాత్రం ఏం చేయగలవు? అన్నంలో అంచుకు పెట్టుకునే పక్క వంటలు, తేలికైనవి, రెండు చేసి తెస్తే చాలు.

మాట్లాడని అక్క,
ఆండాలు (వేలిముద్ర)

తా.క. రాసినవాడు బాబురావు మనవి: "తేలికైనవి" అన్న తర్వాత ఆండాలమ్మ ఇంకో వాక్యం కూడా చెప్పారు. ఉభయుల మేలు కోరి అది రాయలేదు.


మలక్‌పేట,
భాద్రపద బహుళ త్రయోదశి

పెద్దలైన ఆండాలక్క గారికి,

రాజమణి దూరం నుంచే దండం పెట్టి, ఎవరి చేతా రాయించకుండా సొంత చేత్తో రాసుకున్నది.

మీ ఉత్తరం చదివి రెండుసార్లు ఏడ్చాను. అత్తమ్మ సంగతి చదివి ఒకసారి, "తేలికైనవి" అన్నచోట ఇంకోసారి. కష్టమైనవి నాకు రావని మీ ఉద్దేశమా? ఒక్క పొయ్యి ఉన్నమాట నిజమే. ఒక్క పొయ్యి మీద వండేవాళ్లకే వంట వస్తుంది. నాలుగు పొయ్యిలు ఉన్నవాళ్లకు కట్టెలు ఎగదోయడం వస్తుంది.

దసరాకు తప్పకుండా వస్తాం. మీ మరిది మీ ఉత్తరం విని, "మా అవ్వ ఉప్పు లేని బువ్వ తింటున్నదా? అన్న గీ ముచ్చట చెప్పనే లేదు" అని గుర్రాల దగ్గరికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక కండ్లు ఎర్రగా ఉన్నాయి. గడ్డి దుమ్ము పడిందన్నాడు.

రెండు కాదు, ఐదు తెస్తాను. చింతపండు పిసికి, ఉల్లిగడ్డలు కోసి వేసి, కాల్చిన మిరపకాయ నలిపితే పచ్చి పులుసు, దానికి పొయ్యే అక్కర లేదు. పెద్ద వంకాయ నిప్పుల మీద కాల్చి, తోలు తీసి, పచ్చిమిర్చితో నూరితే పచ్చడి. సొరకాయ ఉడికించి చల్లారాక పెరుగులో కలిపింది ఒకటి. నువ్వుల పొడి ఒకటి. ఉల్లిగడ్డ చక్రాలు కోసి నిమ్మకాయ పిండింది ఒకటి. తేలికైనవి అడిగారు కాబట్టి తేలికైనవే.

ఇక ఉప్పు సంగతి. మీరు ఎత్తారు కాబట్టి నేను చెప్పాలి. ఆ రోజు నేను వేసింది చిటికెడు. "జర చూడు" అని మీరు అన్నందుకే చూశాను, చూసి వేశాను.

మీరు అడగకపోయినా చెల్లెలే,
రాజమణి

తా.క. బాబురావు గారూ, అక్కకు ఈ ఉత్తరం చదివి వినిపించేది మీరే కదా. పొయ్యిల గురించి రాసింది కొంచెం మెల్లగా చదవండి. "చిటికెడు" అన్న మాట గట్టిగా చదవండి.


గౌలిపుర,
భాద్రపద అమావాస్య, ఎంగిలిపూల బతుకమ్మ నాడు

చెల్లెలు రాజమణికి,

ఆండాలు పళ్లు బిగబట్టి దీవించి చెప్పినది.

నీ ఉత్తరం బాబురావు అరుగు మీద చదివాడు. పొయ్యిల ముక్క దగ్గర అతనికి దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఎందుకో నాకు తెలుసు, మళ్లీ చదివించుకున్నాను.

ఉల్లిగడ్డ కోసి నిమ్మకాయ పిండితే అది వంట ఎట్లా అవుతుంది? అట్లా అయితే మా ఆయన మంచినీళ్లు ముంచి ఇచ్చేది కూడా వంటే. సరే, నీ లెక్కే నిజమనుకుందాం. బయట నుంచి వచ్చేదానివి నువ్వు ఐదు తెస్తే, ఇంటిదాన్ని నేను ఆరన్నా చేయకపోతే గౌలిపురలో నా ముఖం ఏం కావాలి? పుంటికూర పచ్చడి, దోసకాయ పచ్చడి, ఆలుగడ్డ వేపుడు, బొబ్బర్ల గుడాలు, లేత మక్క కంకులు రుబ్బి గారెలు. ఆరోది మిర్చీ సాలన్. పల్లీలు, నువ్వులు, కొబ్బరి వేయించి నూరి, చింతపులుసులో లావు మిరపకాయలు మగ్గబెట్టేది. గోడ అవతలి ఇంటి ముసలమ్మ ఖాలా దగ్గర నేర్చుకున్నాను. "నూనె పైకి తేలేదాకా మూత తియ్యొద్దు, ఓపిక పట్టు బేటీ" అన్నది. ఓపిక విషయంలో నాకు ఎవరూ చెప్పనక్కర లేదు, మూడేండ్లుగా పడుతున్నాను.

ఉప్పు సంగతి నేను ఎత్తలేదు, జరిగింది చెప్పానంతే. నా చేతి కొలత ఇరవై ఏండ్లలో తప్పలేదు. నేను వేసిన తర్వాత ఆ కూరకు చిటికెడు కూడా ఎక్కువే.

అత్తమ్మ అరుగు మీద నా పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ నీ ఉత్తరమంతా విన్నది. ఉప్పు మాట వచ్చినప్పుడు లేచి బర్రెల కొట్టంలోకి వెళ్లింది. పాపం, ఆ మాట వింటేనే ఆమెకు బాధ.

మాట్లాడకపోయినా నీ మంచి కోరే,
ఆండాలు (వేలిముద్ర)

తా.క. బాబురావు మనవి: దసరాకు ముందే సరిచూసుకోవాలని ఆండాలమ్మ ఆరు వంటలూ ఒకసారి చేశారు. సాక్షిగా నన్ను పిలిచారు. నా వాంగ్మూలం: ఆరూ బాగున్నాయి. మీవి కూడా ఒకసారి సరిచూసుకుంటే మంచిది. మలక్‌పేట దాకా నడవగలను.


లాల్ దర్వాజ,
ఆశ్వయుజ శుద్ధ తదియ

ఆండాలక్క గారికి,

బతుకమ్మ ఆడుకోవడానికి తల్లిగారింటికి వచ్చిన రాజమణి, నాలుగు గల్లీల ఇవతలి నుంచి దండం పెట్టి రాసుకున్నది.

మీకు ఉత్తరం రాద్దామని కవరు కొంటుంటే టపా లక్ష్మయ్య నన్ను పట్టుకున్నాడు. "ఏందమ్మా గిది? గీ ఉత్తరం షాలిబండ పోవాలె, ముద్ర గుద్దుకోవాలె, మల్ల గీ గల్లీకే రావాలె. పొద్దుగాల మీరిద్దరు ఒక్క నల్లా కాడనే బిందెలు నింపుతరు గద, గప్పుడే చెప్పుకోరాదు?" అన్నాడు. ఒట్టు సంగతి చెప్పాను. తలపాగా సర్దుకుని వెళ్లిపోయాడు. నిజమే, ఈ రోజు పొద్దున మీ బిందె నిండి పొర్లుతుంటే చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చి, గట్టిగా దగ్గాను. అది మీకు కోపంగా వినిపించిందేమో, కాదు. నీళ్లు పోతున్నాయని.

మీవి ఆరయితే నావి తొమ్మిది. తల్లిగారింట్లో పొయ్యిలకు కొదవ లేదు. చిక్కుడుకాయ వేపుడు, టమాట పచ్చడి, బీరకాయ పచ్చడి, పల్లీల పొడి కలిపాను.

ఇంతవరకూ కోపంతో రాశాను, ఇక్కడి నుంచి మామూలుగా రాస్తున్నాను. నిన్న సాయంత్రం బతుకమ్మ ఆట దగ్గరికి అత్తమ్మ వచ్చింది. నా పక్కన నిలబడి రెండు చుట్లు తిరిగింది. చప్పట్లు కొడుతుంటే ఆమె గాజులు మోచేతిదాకా జారిపోతున్నాయి. అంత చిక్కిపోయింది. ఆట ఆపి వెళ్లి గోడ చాటున ఏడ్చాను. ఈ దసరాకు కూడా ఆ తల్లి గోడ వైపు తిరిగి కూర్చుంటే నేను తట్టుకోలేను.

అందుకని, అక్కా, పెద్ద గంజు మీది. కూర మీది. ఆ ఇంటి పెద్దకోడలు మీరు, యాటకూర వండే హక్కు మీదే. నేను పక్క వంటలు తప్ప ఏదీ చేయను, గంజు దరిదాపులకు రాను. మాంసం కూడా బావే తెస్తారు కదా.

ఓడిపోయిన చెల్లెలు,
రాజమణి

తా.క. ఓడిపోయింది కూర విషయంలోనే. పక్క వంటలు ఇంకా తొమ్మిదే.


గౌలిపుర,
ఆశ్వయుజ శుద్ధ తదియ

లాల్ దర్వాజలో ఉన్న చెల్లెలు రాజమణికి,

ఆండాలు మెత్తబడి చెప్పినది.

నీ దగ్గర నుంచి ఇంకా జవాబు రాలేదు. అయినా ఆగలేక రాయిస్తున్నాను. నల్లా దగ్గర నన్ను చూసి దగ్గావు. కోపంగానే ఉన్నావని అర్థమయింది. ఉండు, నీ ఇష్టం. నిన్న ఆటలో అత్తమ్మ నీ పక్కకే వెళ్లి నిలబడటం చూశాను. ఇంటికి వచ్చాక "చిన్నకోడలు బక్కగైంది" అని రెండుసార్లు అన్నది. తాను బక్కగయిన సంగతి ఆమెకు తెలియదు.

నేను ఒకటి ఖాయం చేసుకున్నాను. కూర ఈసారి నువ్వే వండు. నిజంగా చెబుతున్నాను, ఎత్తిపొడుపు కాదు. మలక్‌పేటలో అంజన్‌కు తెలిసిన కసాయి మంచి మాంసం ఇస్తాడని విన్నాను. మీ తల్లిగారింట్లోనే పెద్ద గిన్నెలో వండి, మూత పెట్టి తీసుకురా. నేను బగారా అన్నం, పక్క వంటలు చూసుకుంటాను. సర్వపిండి, చల్ల మిరపకాయలు కూడా కలిపి ఎనిమిది చేస్తున్నాను. పెద్ద గంజు ముట్టను. మైసమ్మ మీద ఒట్టు.

ఓడిపోయిన అక్క,
ఆండాలు (వేలిముద్ర)

తా.క. బాబురావు మనవి: వేలిముద్ర మీద తడి ఉంది. సిరా తడి కాదు.


లాల్ దర్వాజ,
ఆశ్వయుజ శుద్ధ పంచమి

ఆండాలక్క గారికి,

రాజమణి తల అడ్డంగా ఊపుతూ రాసుకున్నది.

మన ఉత్తరాలు షాలిబండలో ఒకదాని పక్కన ఒకటి పడుకుని, ఒకదాని సంగతి ఒకటి అడగకుండా వచ్చినట్టున్నాయి. నేను గంజు మీకు ఇస్తే మీరు నాకు ఇచ్చారు. మీ వేలిముద్ర మీద మరక చూసి నాకు అన్నం దిగలేదు. అయినా నేను ఒప్పుకోను. పెద్దకోడలు బతికి ఉండగా చిన్నకోడలు కూర వండి తెచ్చిందని గౌలిపుర ఆడవాళ్లు అనుకుంటే, ఆ మాట మీకు తగులుతుంది, నాకు తగులుతుంది. కూర మీరే. ఇది చివరి మాట.

ఇక దీనికి జవాబు రాయకండి. లక్ష్మయ్య కాళ్లు నొస్తున్నాయి. మీ దగ్గర నుంచి ఉత్తరం రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే అనుకుంటాను.

మొండిదే అయినా మీ చెల్లెలు,
రాజమణి

తా.క. ఒప్పుకున్నందుకు ముందుగానే దండం.


గౌలిపుర,
ఆశ్వయుజ శుద్ధ సప్తమి

చెల్లెలు రాజమణికి,

ఆండాలు ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పినది. బాబురావు ఉన్నాడు, అతన్ని లెక్కపెట్టడం లేదు. అత్తమ్మ ఉన్నది, ఆమె నిద్రపోతోంది.

జవాబు రాయవద్దన్నావు. రాయించక తప్పదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. నాకు ఆ గంజంటే భయం. మూడేండ్లుగా దసరాకు కూర నేను వండటం లేదు, మీ బావ బయటి నుంచి తెచ్చుకుని తింటున్నాడు. రోజూ పప్పులో ఉప్పు వేసేటప్పుడు కూడా చేయి ఆగుతుంది. ఒకవేళ ఆ రోజు నేనే మరిచిపోయి రెండుసార్లు వేశానేమో. నాకే నమ్మకం లేదు. మళ్లీ చెడగొడితే అత్తమ్మ ఇక జన్మలో నా చేతి పండుగ అన్నం తినదు. నువ్వు వండితే నాకు ధైర్యం. పెద్దరికం కోసం కాదే, భయపడి అడుగుతున్నాను.

రేపు సద్దుల బతుకమ్మకు అందరం ఒక్కచోటే ఆడతాం. కూర వండి తేవడానికి నీకు ఇష్టమైతే నా వైపు చూసి మూడుసార్లు తల ఊపు. అది మాట్లాడటం కిందికి రాదని బాబురావు చెప్పాడు.

నీ మీదే ఆశ పెట్టుకున్న అక్క,
ఆండాలు (వేలిముద్ర)

తా.క. బాబురావు మనవి: లక్ష్మయ్య రేపటి నుంచి పండుగ సెలవు తీసుకుంటున్నాడట. ఈ రోజు పెట్టెలో వేస్తున్నాను కాబట్టి రేపటికి అందుతుందని నా నమ్మకం. ఇంకొకటి. మీ అత్తగారు, మా పెద్దమ్మ, నిద్రపోవడం లేదు. ఉత్తరం అయిపోయాక కండ్లు తెరవకుండానే నవ్వింది. ఎందుకో అడిగితే "ఏం లేదురా, బర్రె యాదికొచ్చింది" అన్నది.


మలక్‌పేట,
ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

ఆండాలక్కా,

దండం దసరా నాడు కాళ్లకే పెట్టాను కాబట్టి ఇక్కడ మళ్లీ పెట్టడం లేదు. ఇకనుంచి "మీరు" అని కూడా రాయను. అది మర్యాదతో రాసింది కాదు, కోపంతో రాసింది.

సప్తమి నాటి నీ ఉత్తరం లాల్ దర్వాజ నుంచి తిరిగి తిరిగి ఈ రోజు ఇక్కడికి చేరింది. చదివి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మూడుసార్లు తల ఊపమన్నావా! నా తల మీద మోకాలెత్తు గునుగు పూల బతుకమ్మ ఉన్నదక్కా. అది ఒక పక్కకు ఒరుగుతుంటే సర్దుకుంటున్నాను. తల ఎన్నిసార్లు ఊగిందో నాకేం తెలుసు? నువ్వు నన్ను చూసి నవ్వావు. జవాబు రాయలేదు కాబట్టి కూర వండటానికి ఒప్పుకున్నావని, నేనూ నవ్వాను.

మొన్నటి వరుస తలచుకుంటే ఇప్పటికీ పొట్ట పట్టుకుంటున్నాను. నడుమ అత్తమ్మ, అటు మొగులయ్య బావ, ఇటు నా పెనిమిటి. ఎంత బాగుందో కదా ఆ వరుస. విస్తర్లలో బగారా అన్నం పెట్టి, కూరకు జాగా వదిలి, చుట్టూ నీవి ఎనిమిది, నావి తొమ్మిది వడ్డించాం. నువ్వు నేను తెచ్చిన గిన్నెల వైపు చూస్తున్నావు, అన్నింటికంటే పెద్దదానిలో కూర ఉందని. అందులో సొరకాయ పెరుగు ఉంది. నేను వాకిట్లో మూతపెట్టి, పైన రాయి పెట్టి ఉన్న పెద్ద గంజు వైపు చూస్తున్నాను. నా పెనిమిటి ఓపిక నశించి లేచి వెళ్లి మూత ఎత్తి, "అన్నా, గిండ్ల పత్తిగింజలున్నయేందే!" అన్నప్పుడు నువ్వూ నేనూ ఒక్కసారే అరిచాం. "కూరేదక్కా?" "కూరేదే రాజమణీ?"

మూడేండ్లకు మన మొదటి మాట అదే. అన్న తర్వాత ఇద్దరం నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాం. ఒట్టు పోయింది, కూర లేదు, ఇక అంతా అయిపోయింది, అత్తమ్మ లేచి పెరుగు గిన్నె దగ్గరికి వెళుతుందనుకున్నాను. ఆమె కదలలేదు. పచ్చి పులుసు అన్నం మీద పోసుకుని కలిపింది. "మీ ఇద్దరి నోళ్లు తెరుసుకున్నయ్. ఇగ నేను నా నోరు తెరుస్త" అని మొదటి ముద్ద పెట్టుకుంది. పదిహేడూ తిన్నదక్కా. నీ సాలన్ రెండుసార్లు వేయించుకుంది, నా ఉల్లిగడ్డ చక్రాలు మూడుసార్లు. అది వంట కాదన్నావు, ఈ ముక్క మళ్లీ చదివించుకో.

ఒకటి మాత్రం నాకు తెలియడం లేదు. పండుగ పూట పెద్ద గంజులో బర్రెల దాణా నానబెట్టింది ఎవరు? బావను అడిగితే "అవ్వ చెప్పింది" అంటాడు. మాంసం ఎందుకు తేలేదంటే, దానికీ అదే జవాబు.

నీ చెల్లెలు,
రాజమణి

తా.క. ఉప్పు సంగతి ఇక ఎప్పటికీ ఎత్తవద్దు. కానీ నేను వేసింది చిటికెడే.


గౌలిపుర,
ఆశ్వయుజ పున్నమి

బిడ్డా రాజమణీ,

నేను మీ అత్త బాలమ్మను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలె, నీ కచేరి మాటలు గిట్ల కలిపితే రేపటి సంది మజ్జిగ బంద్ అని బాబురావుకు చెప్పిన. గిసొంటిదే ఇంకోటి ఆండాలుకు గూడ టపల ఏయిస్తున్న. ఆమె ఇంట్లనే ఉన్నది, గీ గోడ అవుతల్నే రొట్టెలు చేస్తున్నది. గని మొఖం మీద చెప్పుటానికి నాకు చాతగాలె. ఉత్తరం గింత మంచిదని నాకు ఎరుక లేకుండె.

గంజుల పత్తిగింజలు నేనే పోపిచ్చిన. మాంసం తేవాల్నా అవ్వా అని మొగులయ్య అడిగిండు. ఒద్దు, తమ్ముడు తెస్తడన్న. నిన్ను చూడొచ్చిన అంజన్ నల్లా కాడ కలిసి అడిగిండు. ఒద్దు, అన్న తెస్తడన్న. మీ ఉత్తరాలన్ని అరుగు మీద కూసోని ఇన్న గద. ఆండాలు ఒండది, నువ్వు ఒండవు. మీ ఇద్దరికంటె ముందుగాల నాకే తెలిసింది. చెప్పితే ఇద్దరిల ఎవరో ఒకరు గంజు ముట్టుదురు. ముడితే ఉప్పు ఏస్తరు. ఉప్పు ఏస్తే మల్ల గా ముచ్చట ఎల్తది. గందుకే చెప్పలె. పక్క వంటలకు ఎవ్వలు కొట్లాడుకోరు బిడ్డా. ఎవరిది వాళ్లకు ఉంటది.

ఇగ అసలు మాట. గా దినం ఆండాలు నీళ్లకు పోయింది. నువ్వు జడేసుకోను లోపలికి పోయినవ్. నేను గంజు మూత తీసి జరంత నాలికె మీద ఏసుకున్న. సప్పగ ఉన్నట్టు అనిపించింది. పిడికెడు ఉప్పు ఏసిన. నా నాలికె ముసలిదైందని నాకు గప్పుడు తెల్వది. తిన్నంక తెలిసింది. చెప్పుదామని లేసిన, గని అప్పటికే మీరిద్దరు ఒకరి మీద ఒకరు దుంకుతున్నరు. రేపు చెప్త అనుకున్న. రేపటికి కొడుకులు వేరువడ్డరు. ఇగ నోరు రాలె. నా పిల్లలను నా చేతులతోనే ఇడగొట్టిన అని ఎట్ల చెప్పాలె?

మీరందరు నేను అలిగి పెరుగన్నం తింటున్న అనుకున్నరు. అలుగుడు కాదు. ఉప్పుతోని తప్పు చేసిన, ఉప్పు లేకుంట తిన్న. గోడ దిక్కు తిరిగింది మీ మీద కోపంతోని కాదు, నా మొఖం మీకు చూపియ్యలేక. ఆండాలు భయపడుకుంట రాయిచ్చిన నాడు పడుకున్నట్టు చేసిన గని, లేసి దాని కాళ్లు వట్టుకోవాల్ననిపించింది. నువ్వు చిటికెడే ఏసినవ్ బిడ్డా. ఆండాలు సరిగ్గనే ఏసింది. ఇద్దరు నన్ను మాఫ్ చెయ్యండ్రి.

వచ్చే దసరాకు యాటకూర ఇద్దరు గలిసి ఒండుండ్రి. నేను గంజు దిక్కు రాను. మైసమ్మ మీద ఒట్టు.

మీ అత్త,
బాలమ్మ (వేలిముద్ర)

తా.క. బాబురావు మనవి: పెద్దమ్మ మాటలు ఒక్కటి కూడా మార్చలేదు. ఇది మాత్రం నా సొంతం. ఆ దసరా నాడు చివర్లో గంజు కింద మంట చూస్తుండమని నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టిన సంగతి మీలో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. కూర దించబోయే ముందు, వాసనకు తట్టుకోలేక ఒక్క గరిటె రుచి చూశాను. అప్పుడు నా నోట్లో జర్దా పాన్ ఉంది, ఏ రుచీ తెలియలేదు, కూర చప్పగా ఉందనుకున్నాను. ఉప్పు గురిగి నా మోకాలి పక్కనే ఉంది. ఇంతకంటే రాయడానికి చేయి రావడం లేదు. ఈ తాజా కలం పెద్దమ్మకు చదివి వినిపించలేదు.